వెండి నోట్లు సిరిమానుకి అందవు

విజయనగరం సిరిమాను పండగకి చేతిలో పెడతామని బుకింగ్ తీసుకున్న వెండి నోట్లు, అంటే 1917 నాటి ఒక రూపాయి కాగితం నోటు నమూనాతో అచ్చు కొట్టిన వెండి బార్లు, ఆ రోజుకి రావు. చెడగొట్టింది అచ్చు కొట్టినవాళ్లు, మాట తప్పింది మాత్రం మేమే.

వెండిలో లోటు లేదు. కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి, 50 గ్రాముల బార్‌ని అడుగు తగలకుండా దారంతో నీళ్లలో ముంచితే కాటా 4.76 గ్రాములు పెరిగింది. 999కి, అంటే వెయ్యి పాళ్లలో 999 వెండి ఉన్నదానికి, అంతే రావాలి. 925 అయితే 4.8 దాటుతుంది. (గాలి బుడగ అంటుకున్నా దాటుతుంది, దులిపి మళ్లీ చూడండి.)

పోయిందల్లా నోటు మీదుండే తెలుగు వరుస దగ్గర. బార్ మీద ఆ అక్షరాల ఎత్తు ఒక మిల్లీమీటరు. భూతద్దంలో చూస్తే గుడులూ కొమ్ములూ సగం లేచి ఆగిపోయాయి. ఇంగ్లీషు మాత్రం నిక్షేపంగా పడింది! రోలింగులో వెండి రేకు గట్టిపడుతుంది. ముక్కలు కోశాక మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చాలి, ఒక దెబ్బ కొట్టాలి, మళ్లీ కాల్చి రెండో దెబ్బ వెయ్యాలి. అప్పుడే లోహం డై (అచ్చు దిమ్మ) సందుల్లోకి పారుతుంది. వీళ్లు కాల్చకుండా ఒక్క దెబ్బతో సరిపెట్టారు. అడిగితే, 'లేజర్‌తో గీసేస్తాం, ఎవరు చూస్తారండీ' అన్నారు. లేజర్ గీత లోపలికి దిగుతుంది, అంచు బూడిదరంగు తిరుగుతుంది. అచ్చులో లేచిన అక్షరం పక్కన అది అతుకులాగే ఉంటుంది.

మజూరీ వదులుకుని ఇచ్చేద్దామా అని రెండు వారాలు తర్జనభర్జన పడ్డాం. 'వెండి బరువుంటే చాలు' అన్న పాత ఖాతాదారులూ ఉన్నారు. బరువే కావాలంటే ఉత్త బిస్కెట్టు కొనుక్కోవచ్చు కదా. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై, 11.66 గ్రాముల రూపాయి బిళ్లకి బదులు, ఆ బిళ్ల బొమ్మే వేసి దింపిన కాగితం ఈ 1917 నోటు. దాన్ని తిరిగి వెండిలోకి తెస్తూ మన అక్షరాలే మింగేస్తే ఇంక దేనికి? లాటు మొత్తం మా ఎదుటే కరిగించి మళ్లీ రేకు లాగించాం.

కొత్తవి కార్తీక పౌర్ణమికి. బుకింగ్ నాటి రేటే, వెండి పెరిగినా మాదే భారం. వద్దనుకుంటే జీఎస్టీతో సహా పూర్తి డబ్బు వాపసు. మా ఇంకో వెండి నోటు, తంజావూరు గుడి బొమ్మున్న 1954 వెయ్యి నోటు నమూనా, ఇప్పటికే తీసుకున్నవాళ్లకి ఇబ్బంది లేదు. పళ్లపొడితో మాత్రం తోమకండి, గోపురం అరిగిపోతుంది. రబ్బరు బ్యాండు చుట్టినా నల్లబడుతుంది.

తగ్గింపు ధరకి పాత లాటు అడగొద్దు. ఒక్కటే మిగిల్చాం, కౌంటర్ మీద భూతద్దం పక్కన ఉంటుంది. అమ్మం.