మూడు డోసులు వేసుకున్నా వచ్చింది, అయినా...

ఈస్ట్‌హామ్, లండన్
30 జనవరి 2022

అక్కా,

ఇవన్నీ ఫోన్లో చెప్పడం కుదరదు. వీడియో కాల్ అంటే చాలు, అమ్మ నీ భుజం మీంచి తొంగిచూస్తుంది, నాన్న పక్కగదిలోంచి "ఏమంటున్నాడే వాడు" అని కేకేస్తాడు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను. ముందు నువ్వు ఒక్కదానివే చదువుకో. అమ్మకు ఏది వినిపించాలో, ఏది దాటేయాలో తర్వాత నువ్వే చూసుకో. అసలు పని నాన్నతో ఉంది. అది కింద రాస్తాను.

నాకు కోవిడ్ తగ్గింది. నెగటివ్ వచ్చింది, నిన్న బయటికెళ్లి కూరగాయలు కూడా తెచ్చుకున్నాను. దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు, మెట్లెక్కితే కొంచెం ఆయాసం. అమ్మతో "మామూలు జలుబే" అన్నాను కానీ మొదట్లో ఒకట్రెండు రాత్రులు బాగానే ఏడిపించింది. మంచినీళ్లు గుటక వేయాలన్నా గొంతులో ముళ్లు గుచ్చుకున్నట్టు ఉండేది. అర్ధరాత్రి చెమటకు బనీను తడిసిపోయి లేచేవాణ్ణి. వాసన మాత్రం పోలేదు. రోజూ పొద్దున్నే ఇంగువ డబ్బా మూత తీసి చూసుకునేవాణ్ణి. పోయినేడాది నాన్నకు అన్ని రోజులు కాఫీ వాసనే తెలియలేదు కదా, ఆ భయం. ఈ కొత్త రకం, ఒమిక్రాన్‌లో అది తక్కువేనట. గొంతునొప్పి, ముక్కు కారడం ఎక్కువ.

ఇంట్లో నలుగురం ఉంటామని తెలుసు కదా. వంటగది ఒకటి, బాత్రూం ఒకటి. ఇలాంటి ఇంట్లో ఒకడికి పాజిటివ్ వస్తే మిగతా ముగ్గురి మొహాలు చూడాలి. నిజామాబాద్ అన్న ఆ నిమిషమే నా కంచం, గ్లాసు విడిగా తీసిపెట్టాడు. గుంటూరు అబ్బాయి నాకు ఎక్కడ అంటుకుందో తేల్చేదాకా ఊరుకోలేదు. ఆఫీసా, ట్యూబ్ రైలా, సంక్రాంతికి వెళ్లిన గుడా అని ఒకటే విచారణ. విశాఖ కుర్రాడు ఏమీ మాట్లాడకుండా హై స్ట్రీట్‌కు వెళ్లి మిరియాలు, అల్లం తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. వాళ్లు ముగ్గురూ రోజూ టెస్ట్ చేసుకుంటూ పనికి వెళ్లారు, ఎవరికీ రాలేదు.

బాత్రూం నేను అందరికంటే చివర వాడాలి. వాడాక కుళాయిలు, తలుపు గడియ తుడిచి, కిటికీ తెరిచి రావాలి. జనవరిలో లండన్‌లో కిటికీ తెరుచుకుని స్నానం చేయడం గురించి అమ్మకు చెప్పకు. అన్నం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి వెళ్లిపోయేవాళ్లు. రాత్రిళ్లు గోడ అవతల పేకాట. నేను ఇవతల ఫోన్లో చూస్తూ "ఆ ముక్క ఎందుకు పడేశావురా" అని అరిచేవాణ్ణి. ఒంటరిగా ఉండలేక ఏడ్చానని అనుకోకు. విసుగు, ఒళ్లునొప్పులు, మధ్యమధ్యలో నాన్న గురించి ఆలోచనలు, అంతే.

టెస్టుల సంగతి చెబితే నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. మందుల షాపులో కోడ్ చూపిస్తే 7 కిట్లున్న పెట్టె ఉచితంగా ఇస్తారు. పుల్ల గొంతులో, ముక్కులో తిప్పి, ద్రవంలో ముంచి, చుక్కలు వేసి అరగంట ఆగాలి. 'సి' దగ్గర ఒక్క గీతే వస్తే నెగటివ్, 'టి' దగ్గర కూడా వస్తే పాజిటివ్. నాకు అరగంట అక్కర్లేకపోయింది, నీళ్లు పాకుతుండగానే రెండో గీత ముదురుగా తేలింది. ఆ వెంటనే ప్రభుత్వం నుంచి మెసేజ్, గడప దాటొద్దని. దాటితే జరిమానా, వెయ్యి పౌండ్ల నుంచి మొదలు. క్రిస్మస్ ముందు దాకా 10 రోజులు ఉండమనేవాళ్లు, తర్వాత 7 చేశారు, ఈ నెల 17 నుంచి 5 పూర్తి రోజులు చాలంటున్నారు. అదీ 5వ రోజు, 6వ రోజు వరసగా నెగటివ్ వచ్చి, జ్వరం లేకుండా ఉంటేనే. నాకు ఆ తొందర విడుదల దక్కలేదు. గీత రోజురోజుకూ లేతబడుతోంది కానీ పోదు. పొద్దున్నే దాన్ని వెలుతురుకు పట్టుకుని ఉందా లేదా అని చూసుకోవడమే పని అయింది.

ఈ గోలలోనే టీవీలో ఇంకో గోల. 2020 మేలో దేశమంతా ఇళ్లల్లో తలుపులేసుకుని ఉంటే ప్రధాని బోరిస్ జాన్సన్ ఇంటి తోటలో మందు పార్టీ జరిగిందట. ఈ నెల 12న ఆయన పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు, అది ఆఫీసు పని అనుకున్నానన్నాడు! మంచం మీద పడుకుని ఆ వార్త మళ్లీ మళ్లీ చూస్తుంటే దగ్గు, నవ్వు ఒకేసారి వచ్చాయి. నాకైతే జీతం ఆగలేదు. గిడ్డంగిలో పనిచేసే నిజామాబాద్ అన్నకు వచ్చి ఉంటే చట్టప్రకారం చేతికందే సిక్ పే వారానికి 96 పౌండ్ల 35 పెన్నీలు. గది అద్దెకే సరిపోదు. అతను కంచాలు విడదీసినందుకు నాకు కోపం రాలేదంటే అందుకే.

ఇక నాన్న సంగతి. పాజిటివ్ అని చెప్పిన రోజున ఏమన్నాడో నువ్వూ విన్నావు. "మూడు వేసుకున్నోడివి, నీకే వచ్చింది. ఇంకా నాకెందుకురా మూడోది? నాకు యాంటీబాడీలు బోలెడున్నాయి, రిపోర్టు చూపించమంటావా?" అప్పుడు గొంతు పెగలక ఊరుకున్నాను. అదృష్టం బాగుంది, పెగిలి ఉంటే పోట్లాట అయ్యేది.

నాన్న మాట పూర్తిగా తప్పని అనను. రెండు డోసులు పడి, ఆ తర్వాత జబ్బు కూడా వచ్చి తగ్గినవాళ్లకు ఒంట్లో రక్షణ గట్టిగానే తయారవుతుంది. కానీ అది పోయిన మే నాటిది, అప్పటి డెల్టా రకం మీద వచ్చింది. రక్తంలో యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, అది ఎవరికైనా అంతే. పైగా ఈ ఒమిక్రాన్ వేరే రకం. నవంబరు 24న దక్షిణాఫ్రికా వాళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థకు దీని గురించి చెప్పారు. వైరస్ మన కణాలకు అతుక్కునే ముల్లు ప్రోటీన్‌లోనే 30కి పైగా మార్పులున్నాయి. పాత యాంటీబాడీలు దీన్ని సరిగా పట్టుకోలేవు. నాకు మూడు వేసుకున్నా వచ్చింది అందుకే. గొంతు దగ్గర ఆపలేకపోయాయి.

కానీ ఊపిరితిత్తుల దాకా పోనివ్వలేదు కదా అక్కా. అసలు చూడాల్సింది అది. యాంటీబాడీలతోనే అయిపోదు. ఇదివరకు చూసిన వైరస్‌ను గుర్తుపెట్టుకునే కణాలు వేరే ఉంటాయి, సోకిన కణాలను వెతికి చంపే టి కణాలు వేరే ఉంటాయి. అవి వైరస్‌లో మారకుండా ఉన్న ముక్కలను కూడా పట్టుకుంటాయి. కొంచెం ఆలస్యంగా వస్తాయి, అందుకే జ్వరం వస్తుంది, జబ్బు ముదరదు. నాన్న మురిసిపోయే ఆ ల్యాబ్ రిపోర్టులో ఇవేవీ కనబడవు. ఆ అంకె ఒక్కో కిట్‌కు ఒక్కోలా వస్తుంది, ఇంత ఉంటే భయం లేదు అని గీసిన గీత ఏదీ లేదు. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేయమను.

ఇక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ ఈ నెల మొదట్లో లెక్కలు చెప్పింది. 65 ఏళ్లు దాటినవాళ్లకు మూడో డోసు పడి మూడు నెలలైనా ఆసుపత్రి పాలవకుండా దాదాపు 90 శాతం రక్షణ ఉందట. రెండు డోసులతో ఆగినవాళ్లకు మూడు నెలలకు 70కి, ఆరు నెలలకు 50కి దిగిపోతోందట. ఈ అంకె చెప్పి నాన్నను ఒప్పించొచ్చు కానీ నిజం కూడా చెప్పాలి. ఇక్కడ మూడోది ఎక్కువగా ఫైజర్, మోడెర్నా. మన దగ్గర ముందు ఏది వేసుకున్నారో అదే, అంటే నాన్నకు కోవిషీల్డే. అంకె అచ్చంగా అంతే ఉంటుందని నేను చెప్పను. తగ్గిపోతున్నదాన్ని మళ్లీ లేపుతుంది, ఆ వయసులో అది చాలు.

నాన్న రెండో డోసు పోయిన ఏప్రిల్ చివర్లో. 60 దాటి బీపీ, షుగర్ లాంటివి ఉన్నవాళ్లకు జనవరి 10 నుంచి ప్రికాషన్ డోసు పేరుతో మూడోది వేస్తున్నారు, రెండోదానికి 9 నెలలు నిండితే చాలు. అంటే నాన్నకు సరిగ్గా ఇప్పుడే. డాక్టరు సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు, ఆధార్ పట్టుకుని సర్కారు దవాఖానకు వెళ్తే సరిపోతుంది. అమ్మకు ఇంకా 60 నిండలేదు కాబట్టి ఆమె వంతు రాలేదు. అందుకే ముందు నాన్నది కానివ్వాలి. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉండేవాళ్లు కదా.

నేనింత పట్టుబట్టడానికి కారణం నీకు చెప్పక్కర్లేదు, అయినా రాస్తాను. పోయిన మేలో నాన్న ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు మన దేశం ఇక్కడి ప్రయాణ ఆంక్షల రెడ్ లిస్టులో ఉంది. ఏప్రిల్ 23న పెట్టారు, ఆగస్టులో గానీ తీయలేదు. వచ్చినా తిరిగి రావాలంటే 10 రోజులు హోటల్లో క్వారంటైన్, 1,750 పౌండ్లు. డబ్బు ఎలాగోలా తెచ్చేవాణ్ణి, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. నువ్వూ బావా బెడ్డు కోసం తిరుగుతుంటే నేను ఇక్కడ కూర్చుని తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. సగం నంబర్లు ఎత్తేవాళ్లు కాదు, ఎత్తినవాళ్లు ఇంకో నంబర్ ఇచ్చేవాళ్లు. రాత్రి పడుకునే ముందు నువ్వు ఆక్సిమీటర్ ఫొటో పంపేదానివి. ఇప్పటికీ వాట్సాప్‌లో నీ ఫొటో ఏదైనా వస్తే తెరవడానికి ఒక్క క్షణం చేయి ఆగుతుంది. ఈసారి జ్వరంతో ఒంటరిగా పడుకున్నప్పుడు నా గురించి కాదు, ఆ ఫొటోల గురించే ఎక్కువ తలుచుకున్నాను.

ఇంకో మాట. ఒకవేళ నాన్నకు మళ్లీ వస్తే, జ్వరం రాగానే ఆ ఆర్ఎంపీ దగ్గరికి పోనివ్వొద్దు. పోయినసారి రెండో రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టించాడు, షుగర్ ఎంతకు ఎగబాకిందో గుర్తుందిగా. ఇక్కడి ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2020 జూన్‌లోనే చెప్పారు. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు డెక్సామెథాసోన్ ప్రాణం పోస్తుంది, అవసరం లేనివాళ్లకు దానివల్ల మేలేమీ కనబడలేదని. జ్వరానికి పారాసెటమాల్, మంచినీళ్లు, విశ్రాంతి, రోజూ షుగర్ చూడటం. ఆక్సిమీటర్ 93కి గానీ అంతకంటే కిందికి గానీ దిగినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో ఉంచొద్దు. వేలు వెచ్చగా ఉన్నప్పుడు పెట్టి చూడండి, చల్లటి వేలికి తప్పు చూపిస్తుంది. ఆశా వర్కర్లు జ్వర సర్వేకు వస్తున్నారన్నావు కదా, వాళ్లిచ్చే కిట్‌లో యాంటీబయాటిక్ ఉంటే డాక్టర్ని అడక్కుండా మింగనివ్వకు. అది వైరస్ మీద పనిచేయదు.

అమ్మ సంగతికొస్తే, నాకు కోవిడ్ రావడానికి కారణం బ్రెడ్డు తినడమేనని ఆమె తీర్పు చెప్పేసింది. ఇమ్యూనిటీ పెరగడానికి శొంఠి లేహ్యం, చ్యవనప్రాశ్ పార్సిల్ చేస్తానంటోంది. కాదనకు. మిరియాల పాలు రోజూ తాగానని చెప్పు, అది నిజమే, గొంతుకు హాయిగా ఉంది. దానితో ఇమ్యూనిటీ పెరిగిందో లేదో నాకు అనవసరం, ఆమె చెప్పింది తాగానన్నది ఆమెకు చాలు. నాన్నకు మాత్రం లేహ్యాలు వద్దు, అందులో ఉండేదంతా పంచదార, బెల్లం. ఇక్కడ నేను వేసుకునేది విటమిన్ డి ఒక్కటే, రోజుకు 10 మైక్రోగ్రాములు. చలికాలంలో ఎండ ఉండదు, మన ఒంటి రంగువాళ్లు ఏడాది పొడుగునా వేసుకోమని ఇక్కడి వైద్యశాఖే చెబుతుంది. ఆ వంకతో "మందులు బాగా వాడుతున్నాడు" అని చెప్పు, సంతోషిస్తుంది.

నాన్నతో డోసు మాట నువ్వే ఎత్తు. నేనెత్తితే "లండన్ పోయి డాక్టరయ్యాడు" అంటాడు. బావను తోడు తీసుకెళ్లు, బావ బండి తీస్తే నాన్న కాదనలేడు. పొద్దున్నే టిఫిన్ తినిపించి, షుగర్ మాత్ర వేయించి తీసుకెళ్లండి. సాయంత్రానికి ఒళ్లు నొప్పులుంటే కంగారుపడొద్దని అమ్మకు ముందే చెప్పు, లేకపోతే ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు.

పిల్లలకు ముద్దులు. బావకు నమస్కారాలు. అమ్మ ఎలాగూ పార్సిల్ కడుతుంది కాబట్టి అందులో కారప్పొడి, కందిపొడి పెట్టించు, విశాఖ కుర్రాడికి బాకీ ఉన్నాను. డోసు అవగానే మెసేజ్ పెట్టు. ఒప్పుకోకపోయినా పెట్టు, అప్పుడు నేనే ఫోన్ చేసి ఆ పోట్లాట పెట్టుకుంటాను.

నీ తమ్ముడు