ఆ నాలుగు గంటల్లో తీయాల్సిన రక్తం

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంజెక్షన్ వికటించిందన్న వార్తల్లో బంధువుల ఆందోళన ఉంటుంది, డాక్టర్ వివరణ ఉంటుంది, కానీ జరిగింది అలర్జీయేనా అని తేల్చడానికి ట్రిప్టేజ్ అనే రక్తపరీక్ష ఉందని ఎవరూ రాయరు.

మా చెల్లికి పంటి నొప్పికని గుంటూరులోనే ఒక క్లినిక్‌లో యాంటీబయాటిక్, నొప్పి ఇంజెక్షన్ వెంటవెంటనే ఇచ్చారు. ఐదు నిమిషాల్లో ఊపిరాడలేదు, బీపీ పడిపోయింది. తొడకి అడ్రినలిన్ ఇచ్చి బతికించారు, ఆ చేతులకి దండం పెడతాను. మర్నాడు మాత్రం ఒకరు అలర్జీ అన్నారు, ఇంకొకరు భయంతో పడిపోయిందన్నారు, కాగితం మీద 'రియాక్షన్' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అప్పట్నుంచీ ఏ మాత్ర వేసుకోవాలన్నా టెన్షనే.

మన చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో మాస్ట్ కణాలని రోగనిరోధక కణాలుంటాయి. వాటి లోపలి గుళికల్లో హిస్టమిన్‌తో పాటు, ప్రోటీన్లను కత్తిరించే ట్రిప్టేజ్ ఎంజైమ్ నిండి ఉంటుంది. తీవ్రమైన అలర్జీలో అదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేస్తుంది. హిస్టమిన్ త్వరగా మాయమైపోతుంది, ట్రిప్టేజ్ ఒకటి రెండు గంటలకి బాగా పెరిగి, ఆ తర్వాత సుమారు రెండు గంటలకోసారి సగమవుతూ పోతుంది. అందుకే నాలుగు గంటల్లోపు ఒకసారి, 24 గంటలు దాటాక ఇంకోసారి రక్తం తీయాలి. రెండో అంకెని 1.2తో గుణించి 2 కలపండి, మొదటిది అంతకు మించితే మాస్ట్ కణాలు రేగినట్టే. అంటే మామూలు రోజున మిల్లీలీటరుకి 5 నానోగ్రాములుండే మనిషికి ఆ రోజు 8 దాటితే చాలు. ల్యాబ్ రిపోర్టుల్లో మాత్రం మామూలుగా 11.4 దాకా నార్మల్ అనే ఉంటుంది, ఒక్క రిపోర్టే చూసి ఏమీ లేదనుకుంటే మోసపోతాం.

పెరగనంత మాత్రాన అలర్జీ కాదని కొట్టిపారేయకూడదు, ముఖ్యంగా తిండి వల్ల వచ్చేవాటిలో ఒక్కోసారి ఇది పెరగదు. ఏ మందు పడలేదో కూడా ఇది చెప్పదు, దానికి అలర్జీ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. చికిత్స ఆపి రక్తం తీయమని ఎవరూ అనరు, ముందు అడ్రినలిన్, మనిషి కుదుటపడ్డాక రక్తం. ఈ పరీక్ష చేసే ల్యాబ్ ఊళ్లో లేకపోయినా సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, వేరు చేసి ఫ్రిజ్‌లో పెట్టి పెద్ద ల్యాబ్‌కి పంపొచ్చు. మా ఊరి కొత్తపేటలో ఎన్నో ఆసుపత్రులున్నాయి, ప్రతి ఎమర్జెన్సీ గదిలో ఈ మాట గోడకి అంటించండని మీ ఆరోగ్యం పేజీలో రాయండి.

మా చెల్లికి మామూలు రోజు అంకె ఎంతో ఈమధ్యే పరీక్ష చేయించాం. పోల్చుకోవడానికి ఆ రోజు రక్తమే లేదు.

- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు