ఓడల బొమ్మలో టేకు ఏది?

సంపాదకులకు నమస్కారం.

మాది మహారాష్ట్రలోని సిరోంచ. మీ పేపరు గోదావరి దాటి వచ్చేసరికి ఎండెక్కుతుంది. పోయిన ఆదివారం పంతొమ్మిదో శతాబ్దపు తెరచాప యుద్ధ ఓడల మీద మీరు వేసింది దుకాణంలో మా కుర్రాడు చదివి వినిపించాడు. ఫిరంగుల లెక్కలన్నీ బాగున్నాయి. కర్ర దగ్గరకొచ్చేసరికి ఓక్‌తో కట్టేవారని ఒక్క ముక్కతో తేల్చేశారు. నలభై ఏళ్లుగా ఉలి పట్టినవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

ట్రింకోమలీ అనే బ్రిటిష్ యుద్ధ ఓడను 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియాల పారసీ కుటుంబం టేకుతోనే కట్టింది. దాని నమూనా పటాలు మొదట జావా అనే బ్రిటిష్ ఓడలో వస్తుంటే, 1812లో అమెరికన్లు ఆ ఓడను పట్టేసుకున్నారు. పటాలు మళ్లీ పంపాల్సి వచ్చింది. ఆ ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్ దగ్గర నీళ్లమీదే ఉంది. బొంబాయికి టేకు ఎక్కువగా మలబారు నుంచి వచ్చేది. మా జిల్లా ఆలాపల్లి అడవి టేకని గొప్పలు పోను.

ఓక్‌లోని పులుపు ఇనుప మేకును తినేస్తుంది. టేకులోని నూనె కాపాడుతుంది. ఆమధ్య మా వీధిలో ఓ పాత టేకు ద్వారబంధం విప్పాను. తాతల నాటి మేకు, గుడ్డతో తుడిస్తే మెరిసింది. తుమ్మ బండిచక్రంలోని మేకైతే చుట్టూ కర్రను నల్లగా చేసి, తాను సగమైపోతుంది. కాకపోతే టేకు ఉలి పదును ఊరికే చంపేస్తుంది, అది వేరే గోల.

ఓడ పక్కకూ పై దూలానికీ మధ్య మూలలో మోకాలులాంటి వంపు కర్ర పెట్టేవారు. తిన్నని కర్రను ఆ వంపుకు రంపంతో కోస్తే నార తెగి విరుగుతుంది, చెట్టులోనే వంగి పెరిగిన కొమ్మ కావాలి. మా తాత నాగలికి ఇలాగే చేనుగట్టు తుమ్మల్లో వంపు వెతికేవాడు. ఇంగ్లండులో అలాంటి ఓక్ కొమ్మలు కరువై, ఇనుప మోకాళ్లు బిగించసాగారు.

ఇంకోటి. ఓడ కొనలు సన్నం, వాటిని నీరు తక్కువగా మోస్తుంది. అందుకే కొనలు దిగి, నడుము పైకి లేస్తుంది. 1810ల్లో రాబర్ట్ సెపింగ్స్ అనే బ్రిటిష్ ఓడల నిర్మాత లోపల ఏటవాలు దూలాలు బిగించి దాన్ని చాలావరకు ఆపాడు. పలకల తలుపు వెనక ఏటవాలు బద్ద కొట్టకపోతే అది జారిపోతుందని మా దుకాణంలో కొత్తగా చేరిన కుర్రాడికీ తెలుసు.

ఈసారి బొమ్మ వేస్తే తెరచాపలు కాదు, లోపలి దూలాలు కనిపించేలా వెయ్యండి. దుకాణం గోడకు అంటించుకుంటాం.

– ఒక వడ్రంగి, సిరోంచ, గడ్చిరోలి జిల్లా