నాలుగో తరగతికి ఉప్పునీళ్లు

అమ్మాయీ,

ఆవిరి పాఠం చెప్పడానికి బడిలో పరికరాలేమీ లేవని ఫోనులో దిగులుపడ్డావు. కనుపర్తిలో ఉప్పు రైతు కూతురికి ఆ దిగులెందుకు తల్లీ! ఆ పాఠం మన మడుల్లోనే ఉంది.

పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి, ఒక్కో జట్టుకు ఒక గ్లాసు, ఒక వెడల్పాటి పళ్లెం ఇవ్వు. రెండింటిలోనూ సముద్రపు నీరు సమానంగా కొలిచి పోయించి ఎండలో పెట్టించు. కొలత వాళ్ల చేతులతోనే జరగాలి. ఏది ముందు ఆరుతుందో, ఎందుకో ముందే అడిగి ప్రతి ఒక్కరి మాటా బోర్డు మీద రాయి. తప్పు చెప్పినవాళ్లను దిద్దకు. పళ్లెం ఆరేదాకా ఆ మాట అక్కడే ఉండాలి. జవాబు ముందే చెప్పేస్తే ఆ పళ్లెం వైపు చూసే పిల్ల ఉండదు. నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

నీరు ఆవిరయ్యేది పైభాగం నుంచే. పళ్లెంలో పైభాగం ఎక్కువ, లోతు తక్కువ. మన మడుల్లో నీళ్లు పలచగా నిలబెట్టేదీ అందుకే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి కాబట్టి, 100 మిల్లీలీటర్లు ఆరితే అర చెంచాకు కాస్త ఎక్కువే మిగులుతుంది. వాళ్ల చేత తూయించు.

ఇంకో పళ్లెం నీడలో వదిలేయి. ఎండలో ఆరినదాంట్లో గింజ సన్నగా ఉంటుంది, నీడలో నిదానంగా ఆరినదాంట్లో పెద్దగా కడుతుంది. భూతద్దంలో చూస్తే నలుపలకల గింజ, కొన్నిటికి నడుమ మెట్లు మెట్లుగా గుంట. దాని బొమ్మ వేయించు. చూసినదే వేయాలి, పుస్తకంలోది కాదు.

ఎవరింటి నీళ్లు వాళ్లను తెమ్మను: బోరు నీళ్లు, క్యాను నీళ్లు, చెరువు నీళ్లు. నల్లటి పలక మీద ఒక్కో చుక్క వేసి ఆరనిస్తే కొన్నిచోట్ల తెల్లటి మచ్చ మిగులుతుంది. ఎవరి మచ్చ ఎంత దట్టమో వాళ్లే పోల్చుకుంటారు. రుచి మాత్రం చూడనివ్వకు. పొయ్యి కూడా వద్దు, మార్చి ఎండ చాలు.

మధ్యాహ్న భోజనం వండే ఆమెను ఉడికించని తాజా గుడ్డు ఒకటి అడుగు. మంచినీళ్లలో మునుగుతుంది. సముద్రపు నీళ్లలో తేలుతుందని పిల్లలు పందెం కాస్తారు, కానీ తాజా గుడ్డు అందులోనూ మునుగుతుంది. గింజ కట్టడానికి సిద్ధమైన మడి నీళ్లలో అయితే తేలి నిలబడుతుంది. ఆ తేడా ఎందుకో నువ్వు చెప్పకు, వాళ్లు కొట్లాడుకోనీ.

శనివారం తమ్ముడితో రెండు సీసాలు పంపిస్తున్నాను. ఒకటి సముద్రపు నీరు, ఒకటి మడి నీరు. పేర్లు రాయలేదు. ఏది ఏదో పిల్లలనే గుడ్డుతో తేల్చమను.

మీ నాన్న