ప్రకటనలో 1,500 అడుగులు... లోపల ఎన్ని?

సంపాదకులకు,

మీ పత్రిక స్థిరాస్తి పేజీల్లో వచ్చే ఫ్లాట్ల ప్రకటనలు వదలకుండా చూస్తుంటాను. ఏ ఫేసింగో రాస్తారు, నూటికి నూరు శాతం వాస్తు అంటారు, ఔటర్ రింగు రోడ్డుకు ఎన్ని నిమిషాలో కూడా చెబుతారు (ఆ నిమిషాలు ఏ అర్ధరాత్రి లెక్కో మరి). ఇంట్లో మనం కాలు పెట్టే జాగా ఎంతో మాత్రం రాయరు. '1,500 ఎస్‌ఎఫ్‌టీ' (చదరపు అడుగులు) అని ఒక్క అంకె వేసి ఊరుకుంటారు. చాలాసార్లు అది సూపర్ బిల్టప్ ఏరియా. గోడలు, బాల్కనీ, వాష్ ఏరియాతో పాటు మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్‌హౌస్ వంటి అందరి జాగాలో, అంటే కామన్ ఏరియాలో, మన వంతూ అందులో కలిసి ఉంటుంది.

గోడల సంగతే చూడండి. బయటి కొలత 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు 1,200 చదరపు అడుగులు. చుట్టూ ఉన్న 9 అంగుళాల గోడ తీసేస్తే మిగిలేది 1,097. కామన్ ఏరియా జోలికి పోకముందే వంద అడుగులు పోయాయి. ఇందులో మోసమేమీ లేదు, గోడ లేకుండా ఇల్లు నిలవదు. చిక్కల్లా ఆ పైన కలిపే కామన్ ఏరియాతోనే. ఒక బిల్డర్ 20 శాతం కలుపుతాడు, పక్క వీధిలో మరొకాయన 30 శాతం కలుపుతాడు. ఆ సంగతి ప్రకటనలో ఎవరూ చెప్పరు.

దీనివల్ల చదువుకున్నవాళ్లకు కూడా బేరం తలకిందులుగా కనబడుతుంది. అడుగు 6,000 చొప్పున 1,500 అడుగుల ఫ్లాటు 90 లక్షలు. అడుగు 6,400 చొప్పున 1,400 అడుగుల ఫ్లాటు 89 లక్షల 60 వేలు. మొదటిదే చవక, పైగా పెద్దది అనుకుంటాం. మొదటిదానిలో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే జాగా, 1,080, రెండోదానిలో 1,120 అయిందనుకోండి. అప్పుడు లోపలి అడుగు మొదటిచోట 8,333 రూపాయలు, రెండోచోట 8,000. పెద్ద ఇల్లూ రెండోదే, చవకైందీ రెండోదే.

చట్టం ఈ ముడి ఎప్పుడో విప్పింది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించింది: బయటి గోడలు, పైపుల షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ తీసేసి, లోపలి అడ్డగోడలు మాత్రం కలిపి లెక్కించాలి. ఆ చట్టం కింద ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌కు వెళ్లే బిల్డర్ ఫ్లాట్ల కార్పెట్ ఏరియాను, బాల్కనీని విడివిడిగా రెరా అధికారులకు చెప్పి తీరాలి. జీఎస్టీ వాళ్లదీ ఇదే కొలత. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు ఒక శాతం పన్ను పడాలంటే ధర 45 లక్షలు దాటకూడదు, హైదరాబాద్ వంటి మహానగరాల్లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు మించకూడదు. అంటే రెరాకు, పన్నుల శాఖకు ఒక లెక్క, కొనేవాడికి మరో లెక్క!

పాత ఫ్లాట్లు చేతులు మారేటప్పుడు ఈ మాత్రం రక్షణ కూడా లేదు. కొత్తవాటిలోనూ స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన కాలనీల్లో 250, 300 గజాల్లో లేచే అపార్టుమెంట్లు ఇవే కదా. వాటి డాక్యుమెంట్లలో కూడా తరచూ 'కామన్ ఏరియాతో కలిపి ప్లింత్ ఏరియా' అని ఒకే ముద్దగా రాసి ఉంటుంది. మళ్లీ అమ్మేటప్పుడు ఆ అంకే ప్రకటనలోకి ఎక్కుతుంది.

లిఫ్టు, జనరేటరు ఊరికే రావని బిల్డర్లు అంటారు. నిజమే, వాటి ఖర్చు ధరలో వేసుకోవచ్చు, ఎవరూ కాదనరు. దాన్ని పడకగది విస్తీర్ణంలా చూపించడం దేనికి? అడుగు రేటు ఎక్కువగా కనబడుతుందన్న భయం తప్ప నాకు వేరే కారణం తోచదు. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో నెలనెలా మెయింటెనెన్సు కూడా ఈ ఉబ్బిన అడుగుల మీదే కట్టాలి.

ప్రభుత్వం అమ్మకపు దస్తావేజులో కార్పెట్ ఏరియాకు, బాల్కనీకి, కామన్ ఏరియాకు వేర్వేరు గళ్లు పెట్టాలి. అందుకు ఎంతకాలం పడుతుందో గానీ, మీ పత్రిక వచ్చే వారం నుంచే మొదలుపెట్టవచ్చు. ప్రకటన తీసుకునే ఫారంలో కార్పెట్ ఏరియా గడి తప్పనిసరి చేయండి. పాత ఫ్లాటు అమ్మేవాళ్ల దగ్గర ప్లాను లేకపోయినా ఫర్వాలేదు, టేపు పట్టుకుని గదిగదికీ పొడవు, వెడల్పు రాసుకుంటే అరగంటలో దాదాపు తేలిపోతుంది. ఆపాటి శ్రమ కూడా పడనంటే ఆ ప్రకటన అచ్చు వేయకండి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్