రాణికి ఏం పెడుతున్నానంటే

రేయ్ శీనూ,

మీ టామీకి గడ్డ తీసేసి ఇంటికి పంపేశారని నీ మెసేజ్ చూశానురా, ప్రాణం కుదుటపడింది. తిండి సంగతి అడిగావ్ కదా, ఫోన్లో అయితే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నా.

మా కుక్క రాణికి వచ్చింది రొమ్ము క్యాన్సర్ గడ్డలు. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుంటే ఇవి వచ్చే ఛాన్స్ బాగా తగ్గేదని డాక్టర్ గారు అన్నప్పుడు గుండె కలుక్కుమంది. ఆపరేషన్ అయ్యాక కీమో మొదలుపెట్టారు, రెండో డోసు అయ్యేసరికి 18 కిలోలది కాస్తా 15న్నరకి వచ్చేసింది, వీపు మీద చెయ్యేస్తే ఎముకలే తగిలేవి.

అప్పుడు మేం పెట్టింది పెరుగన్నం రా. ఒంట్లో బాలేనోళ్ళకి అదే చలవని అమ్మ మూడు పూటలా కలిపి పెట్టేది, అది నాలుగు ముద్దలు తిని పడుకునేది, తింటోందిలే అనుకునేవాళ్ళం. కానీ దాంతో కడుపు నిండుతుంది గానీ ప్రోటీన్ చాలదంట, ఈ జబ్బులో ఒళ్ళు తన కండని తనే కరిగించుకుంటుందంట. అంత కుక్క ఊరికే పడుకున్నా రోజుకి 600 కేలరీలు కావాలి, మరి నాలుగు ముద్దలు ఏ మూలకి?

ఇంకొకాయన క్యాన్సర్ చక్కెర తిని పెరుగుతుంది, అన్నం మొత్తం మానేసి పచ్చి మాంసం పెట్టు అన్నాడు. డాక్టర్ గారు గట్టిగా వద్దన్నారు. అన్నం మానేస్తే కుక్కల్లో క్యాన్సర్ తగ్గుతుందని తేలలేదు, పైగా కీమోలో తెల్లరక్తకణాలు పడిపోయి ఉంటాయి, పచ్చి మాంసంలో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉంటే తట్టుకోలేదు.

ఇప్పుడు ఉడకబెట్టిన బోన్‌లెస్ చికెన్, ఒక గుడ్డు, గుప్పెడు మెత్తటన్నం, కాస్త గుమ్మడికాయ, ఇవన్నీ నలిపి రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం పెడుతున్నా. ఉప్పూకారం లేదు, ఉల్లి వెల్లుల్లి అయితే అసలు తగలనివ్వకు, ఎర్రరక్తకణాలు దెబ్బతింటాయి, మీ ఇంట్లో చికెన్ కూర మిగిలితే ముక్క కడిగి కూడా పెట్టొద్దు. వట్టి చికెన్, అన్నంలో కాల్షియం చాలదు కాబట్టి పౌడర్ రాసిచ్చారు, చేపనూనె కూడా ఆయన చెప్పిన కొలతే. టామీ కిడ్నీ రిపోర్ట్ చూపించి అడిగాకే మొదలుపెట్టు, మాది చూసి మక్కీకి మక్కీ చెయ్యకు. మార్చేటప్పుడు కూడా వారం పది రోజులు పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపు, ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

కీమో అయిన మర్నాడు మాత్రం ఏం పెట్టినా మొహం తిప్పేసేది. నోట్లో కుక్కొద్దురా, ఆ తిండి మీదే అసహ్యం పుడుతుంది, ముందు డోకు తగ్గే మాత్ర వెయ్యాలి. నేను చికెన్ ఉడికిన నీళ్ళు గోరువెచ్చగా చేసి కలిపి, ఆ వాసన తగిలేలా అరచేతిలో రెండు ముక్కలు పెట్టుకుని పక్కన నేలమీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు పావుగంటకి ముక్కు కదిలింది, తల ఎత్తకుండానే నాలుక చాపి ముందు నా వేళ్ళు నాకింది, తర్వాత ఒక ముక్క తీసుకుంది. అమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది.

మొన్న ఆదివారం తూకం వేస్తే 17 కిలోల 200. నేను దాన్ని ఎత్తుకుని మిషనెక్కి, తర్వాత నా బరువు తీసేస్తా, నువ్వూ ప్రతి వారం అలాగే చూసి కేలెండర్ మీద రాసిపెట్టు. నిన్న పొద్దున్న నేను లేవకముందే ఖాళీ గిన్నె మూతితో నెట్టుకుంటూ వంటింటి దాకా వచ్చేసింది రా!

టామీ రాత్రి ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో రాయి.

నీ
రవి