సర్వరు క్షేమం, రానిది తీగే

మా ఖాతాదారులందరికీ నమస్కారం.

మీ దుకాణాల లెక్కలు, పన్ను రిటర్నులు చూసే మేము తిరుపతి గాంధీ రోడ్డులోని పాత ఆఫీసు వదిలి తిరుచానూరు రోడ్డుకు మారామని మీలో చాలామందికి తెలుసు. మారాక పదకొండు రోజుల పాటు మీ దుకాణాల నుంచి మా సర్వరులోకి, అంటే మీ లెక్కలన్నీ ఉండే కంప్యూటర్‌లోకి, ఎందుకు రాలేకపోయారో మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పాం. ఫోను ఎత్తిన మా ఆఫీసు పిల్లలు ప్రతిరోజూ "రేపు వచ్చేస్తుంది" అన్నారు. వాళ్ళను తప్పు పట్టకండి, అలా చెప్పమన్నది నేనే. నాకు అలా చెప్పింది ఇంటర్నెట్ కంపెనీ.

సామాన్ల తరలింపు గురించి చెప్పడానికి ఏమీ లేదు. మే 20న జీఎస్టీ 3బీలు, అంటే నెలవారీ పన్ను రిటర్నులు, ముగించి, ఆ వారాంతంలో బల్లలు, బీరువాలు చేర్చేశాం. నేను నెలన్నర నిద్రపోనిది సర్వరు విషయంలో.

మా అబ్బాయి మొదటి నుంచీ ఒకటే మాట. "ఎందుకు నాన్నా ఈ మోత, క్లౌడులో అద్దెకు తీసుకుందాం" అన్నాడు. అంటే లెక్కలు ఇంటర్నెట్ ద్వారా వేరే కంపెనీ కంప్యూటర్లలో ఉంచడం. లెక్క వేసి చూశాను, అద్దె మోయలేనంత ఏమీ కాదు. అయినా మనసు ఒప్పలేదు. జీఎస్టీకి ముందటి వ్యాట్ పన్ను రోజుల నుంచి మీ ఖాతాలు నా గదిలో, నా తాళం కింద ఉన్నాయి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం అంటుంది. అంతకన్నా పాతవీ నేను పారేయలేదు. వాటిని కంటికి కనిపించని చోట పెట్టి నెలనెలా అద్దె కట్టడం నాకు నచ్చలేదు. దీన్ని మొండితనం అనేవాళ్ళు అనండి.

మొండికి తగ్గ జాగ్రత్తా పడ్డాను. బ్యాకప్ తీసి ఊరుకోకుండా, దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూపిస్తేనే తరలింపు అన్నాను. మొదటిసారి రెండు కంపెనీల ఫైళ్ళు తెరుచుకోలేదు. ఆ రెంటినీ మళ్ళీ తీసి, తెరిచి చూశాకే కదిలాం. ఒక కాపీ బ్యాంకు లాకరులో, ఇంకొకటి చిత్తూరులో మా తమ్ముడి ఇంట్లో పెట్టాం. సర్వరు ఆపి, నాలుగు డిస్కులూ బయటికి తీసి, ఏది ఏ గూటిలోదో మార్కరుతో అంకెలు వేసి, తువ్వాళ్ళలో చుట్టి, కారులో నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా డ్రైవరు నా ముఖం చూసి మరీ బండి నెమ్మది చేశాడు.

ఇంత చేసినా కొత్త గదిలో స్విచ్ వేయగానే మూడు డిస్కులకు పచ్చ దీపం వెలిగింది, రెండో నంబరుకు నారింజ రంగు. ఆరేళ్ళు ఆగకుండా తిరిగిన డిస్కు ఒకసారి ఆగింది, మళ్ళీ లేవలేదు. నాలుగింటిలో ఒకటి పోయినా లెక్కలు పోని అమరిక మాది. కొత్త డిస్కు ముందే కొని ఉంచాను కాబట్టి వెంటనే పెట్టాం. అది మిగిలిన మూడింటి నుంచి లెక్కలన్నీ తిరిగి నింపుకునే లోపు ఇంకొకటి పోతే మాత్రం మళ్ళీ బ్యాకప్‌తో మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఆ రాత్రంతా దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున నాలుగు దీపాలూ పచ్చగా వెలిగాయి. మీ లెక్కల్లో ఒక్క వోచరు కూడా పోలేదు.

ఇక ఇంటర్నెట్ తీగ సంగతి. కొత్త చోటికి లైను మార్చమని ఏప్రిల్ చివరి వారంలోనే దరఖాస్తు ఇచ్చాను. మొదట వారంలో అన్నారు. తరువాత తాతయ్యగుంట గంగమ్మ జాతర, వీధుల్లో జనం, నిచ్చెన వేయలేం అన్నారు. సరే, జాతర మనందరిదీ. చాటింపు వేశాక పొలిమేర దాటకూడదన్న కట్టుబాటు మనుషులకే అనుకున్నాను, ఫైబర్ తీగకూ వర్తిస్తుందని ఈ ఏడే తెలిసింది. జాతర అయ్యాక వచ్చిన కుర్రవాడు స్తంభం మీది పెట్టె తెరిచి చూసి, ఇందులో ఖాళీ లేదు, పై ఆఫీసు నుంచి అనుమతి రావాలి అన్నాడు. ఆ ముక్క ఏప్రిల్‌లో చెబితే వేరే కంపెనీ లైను తీసుకునేవాణ్ణి కాదా? ఫిర్యాదు నంబర్లు ఆరు ఇచ్చారు. ఆరూ "పరిష్కరించబడింది" అని మూసేశారు. పదేళ్ళలో ఒక్క నెల కూడా బిల్లు ఆలస్యంగా కట్టని నాకు ఇదీ మర్యాద.

ఫోను నెట్‌తో మా పని మేము చేసుకున్నాం. కానీ దానికి స్థిరమైన ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో మారని ఇంటి నంబరు లాంటిది, ఉండదు, కాబట్టి మీరు బయటి నుంచి లోపలికి రాలేరు. స్క్రీను పంచుకునే ఉచిత యాప్ పెట్టి అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చేయమని సలహా వచ్చింది. ఇవ్వలేదు. నలభై దుకాణాల్లో తిరిగే పాస్‌వర్డు తాళం కిందికి రాదు. దీనికి మీలో కొందరికి కోపం వచ్చింది, తెలుసు. మళ్ళీ అదే పరిస్థితి వచ్చినా ఇవ్వను.

నష్టం జరిగింది మే 31 గడువున్న టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) రిటర్నుల్లో. ముగ్గురి ఆఖరి చెల్లింపుల వివరాలు మాకు అందేసరికి గడువు దాటింది, రెండు రోజుల ఆలస్యంతో దాఖలు చేశాం. రోజుకు 200 చొప్పున ఒక్కొక్కరికి పడిన 400 రూపాయలు మేమే కట్టాం. ఫీజులో సర్దుబాటు చేయం, అడగకండి కూడా.

రేణిగుంటలో హార్డ్‌వేర్ షాపు పెద్దాయన ఫోనులో "క్లౌడులో పెట్టి ఉంటే మాకు ఈ తిప్పలు ఉండేవా?" అని అడిగారు. ఉండేవి కావు. అప్పుడు ఆయనకు సమాధానం చెప్పకుండా మాట మార్చాను, ఇప్పుడు చెబుతున్నాను. సర్వరు మాత్రం ఇక్కడే ఉంటుంది. వేరే కంపెనీ నుంచి రెండో లైను తీసుకున్నాను, ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది. మా అబ్బాయి మాట కూడా సగం విన్నాను: ప్రతి రాత్రీ ఒక కాపీ తాళం వేసిన రూపంలో క్లౌడుకు వెళుతోంది.

ఐపీ చిరునామా మారింది కాబట్టి మీ కంప్యూటర్లలో చిన్న మార్పు చేయాలి. మా పిల్లలు దుకాణానికే వచ్చి చేస్తారు. చంద్రగిరి, శ్రీకాళహస్తి వాళ్ళకు ఈ వారం, పుత్తూరు వాళ్ళకు వచ్చే వారం. మా పేరు చెప్పి ఎవరైనా ఫోనులో పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వకండి.

పాడైన రెండో నంబరు డిస్కు గురించి ఒకరిద్దరు అడిగారు. పాత సామాన్ల వాడికి ఇవ్వలేదు. పక్కనున్న వెల్డింగ్ షాపులో దగ్గరుండి ఐదు రంధ్రాలు వేయించాను. నా బల్ల మీదే ఉంది, వచ్చినప్పుడు చూడవచ్చు.